తల నిమరకండి, పక్కన నిలబడండి

కెనడాలో ఉన్ని కోసం పెంచే అల్పాకాల ఫారం చూడ్డానికి వెళ్తే గేటు దగ్గర మొదట వినిపించే హెచ్చరిక దాదాపు అన్నిచోట్లా ఒకటే: "దయచేసి తల నిమరకండి." లోపలికి వెళ్లినవాళ్లు మొదట చేసే పని కూడా ఒకటే: తిన్నగా వెళ్లి తల నిమరబోవడం. వాళ్లని అనీ లాభం లేదు. ఇంతేసి కళ్లు, నుదుటి మీద పడే జుట్టు, ఎప్పుడూ ముసిముసిగా నవ్వుతున్నట్టుండే మూతి. అలాంటి మొహం ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు. అల్పాకా రెండడుగులు వెనక్కి వేస్తుంది. మనం మూడడుగులు ముందుకు వేస్తాం. అది మందలో కలిసిపోతుంది. "అబ్బే, దీనికి మనుషులంటే గిట్టదు" అని తేల్చేసి ఫోను జేబులో పెట్టుకుంటాం.

అదే గుంపులో, వేసవి నాలుగు నెలలూ కొడుకు దగ్గర గడపడానికి గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య ఒకరున్నారనుకోండి. ఊళ్లో గేదెల్ని సాకిన మనిషి. ఆయన దేని వెంటా పడరు. చేతులు వెనక్కి కట్టుకుని, కంచెకి ఆనుకుని, ఇంకెటో చూస్తుంటారు. కాసేపటికి ఒక అల్పాకా తనంతట తనే వచ్చి ఆయన చొక్కా వాసన చూస్తుంది. మెడ చాపి చెవి పక్కన ఊపిరి వదులుతుంది. మనవరాలికి కుళ్లు. "తాతయ్యా, నీ దగ్గరికే ఎందుకొచ్చింది?"

"నేను పిలవలేదు కదమ్మా, అందుకని."

చొరవ చూపండి, ముందు మీరే చెయ్యి చాపండి, పేరు పెట్టి పిలవండి, నవ్వండి అని వ్యక్తిత్వ వికాసం పాఠాలు ఎప్పుడూ చెబుతాయి. అది సగం పాఠం. మిగతా సగం చొరవ ఎక్కడ ఆపాలో తెలియడం. ఎదుటి ప్రాణికి ఎంత ఎడం కావాలో కనిపెట్టి, అంత వదిలిపెట్టి, ఓపిగ్గా పక్కన నిలబడ్డవాడి దగ్గరికే మనుషులైనా మందైనా వస్తాయి. ఆ రెండో సగం నేర్చుకోవడానికి అల్పాకాల ఫారం లాంటి చోటు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

అల్పాకా వేటాడే జంతువు కాదు, వేటకి దొరికే జంతువు. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. ఎదురుగా వచ్చి పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దో పూమానో వచ్చి పడ్డట్టే. అదే, పక్కగా వచ్చి నిలబడి, అది వాసన చూసి ఒప్పుకున్నాక మెడ పక్కన మెల్లిగా రాస్తే చాలాసార్లు ఊరుకుంటుంది. మీరు కొత్త ఆఫీసులో చేరినప్పుడు, కొత్త కోడలు ఇంటికి వచ్చినప్పుడు, కొత్త దేశంలో పక్కింటివాళ్లని పలకరించినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. మొదటిరోజే జీతమెంత, పిల్లలెప్పుడు, ఇల్లు కొన్నారా అని అడగడం మన దృష్టిలో ఆప్యాయత. వాళ్ల దృష్టిలో అది పైనుంచి దిగిన చెయ్యి. ప్రశ్న తగ్గించండి. మీ గురించి ఒక ముక్క చెప్పి ఆగండి. వాళ్లు వాసన చూసుకోవడానికి వ్యవధి ఇవ్వండి.

ఇంతకీ ఈ జంతువు కెనడాది కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలది. ఒంటెకి చుట్టం, లామాకి దగ్గరి బంధువు. ఆ కొండల జనం ఆరువేల ఏళ్ల కిందటే వికూన్యా అనే అడవి జంతువుని మచ్చిక చేసి, ఉన్ని కోసం దీన్ని తయారు చేసుకున్నారు. 50 నుంచి 85 కిలోల బరువు, పదిహేను ఇరవై ఏళ్ల ఆయుష్షు. ఒంటరిగా బతకలేదు. మంచి పెంపకందారు ఎవరూ ఒక్కదాన్నే విడిగా అమ్మరు, కనీసం ఇంకొకటి తోడుండాలంటారు. ఆల్బర్టా నుంచి ఒంటారియో, నోవా స్కోషియా దాకా కెనడాలో దీన్ని పెంచేవి చాలావరకు కుటుంబ ఫారాలే. భార్యాభర్తలు, పిల్లలు, ఒక కొట్టం, నాలుగు కంచెలు. వారాంతాల్లో జనాన్ని రానిస్తారు. ఆల్బర్టాలో 2013 నుంచి ఏటా ఆగస్టులో 'ఓపెన్ ఫార్మ్ డేస్' పేరుతో ఇలాంటి ఎన్నో పొలాలు గేట్లు తీస్తున్నాయి. కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబానికి అలాంటి పొలం ఏదో ఒకటి కారులో వెళ్లి చూసి రాగల దూరంలోనే ఉంటుంది.

బొచ్చు కింద చెయ్యి పెట్టి చూడండి

తల నిమరొద్దన్నవాళ్లే, ఇంకో పని రోజూ మానకుండా చేస్తారు. అదేమిటో చూస్తే దూరంగా ఉండటం అంటే పట్టించుకోకపోవడం కాదని తెలుస్తుంది.

కెనడా చలికాలం పొద్దున్న. బయట మైనస్ ముప్ఫై. నీళ్ల తొట్టి గడ్డకట్టకుండా లోపల కరెంటు హీటరు పనిచేస్తోందో లేదో చూడాలి. ఎండుగడ్డి వెయ్యాలి. ఎండ తక్కువ, ఒంటి నిండా ఉన్ని, కాబట్టి చర్మానికి సూర్యుడు తగలడు. పిల్లలకి డి విటమిన్ తగ్గి ఎముకలు వంకరపోతాయి, అందుకని చలికాలమంతా ఆ మందు పట్టాలి. ఇవన్నీ పనుల జాబితాలో ఉండేవి. జాబితాలో లేని పని ఇంకోటి ఉంది. గడ్డి వేశాక ఇంటావిడ గబగబా లోపలికి వెళ్లిపోదు. కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తుంది. రోజూ ముందు తోసుకొచ్చేది ఈరోజు వెనకెందుకుంది? అన్నీ తింటుంటే ఆ గోధుమరంగుది పడుకునే ఎందుకుంది?

అల్పాకా జబ్బుని దాచుకుంటుంది. మందలో నీరసంగా కనిపించింది ముందు వేటకి పోతుంది కాబట్టి, కాళ్లలో సత్తువ ఉన్నంతవరకూ మామూలుగానే నటిస్తుంది. అది పడిపోయిందంటే అప్పటికే ఆలస్యం. దానికి తోడు ఉన్ని. దట్టంగా, బొద్దుగా, ఫొటోకి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. లోపల మనిషి... జంతువు ఎంత చిక్కిపోయిందో కంటికి తెలియదు. అందుకే నెలకో రెండు నెలలకో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, నడుం మీద ఉన్నిలోకి వేళ్లు దూర్చి, వెన్నెముకకి రెండు పక్కలా బొటనవేలితో తడుముతారు. ఎముక అంచు కత్తిలా తగిలితే చిక్కింది. ఎముకే దొరక్కుండా గుండ్రంగా ఉంటే కొవ్వు పట్టింది. వాలుగా, గట్టిగా తగిలితే బాగుంది. కళ్లు మూసుకుని చేసినా తేడా రాదు. కళ్లు తెరిచి, చెయ్యి పెట్టకుండా చేస్తే మాత్రం తప్పకుండా మోసపోతారు.

మన వాట్సాప్ పలకరింపులన్నీ బొచ్చు మీద చూపులే. "ఎలా ఉన్నావురా?" "బాగున్నానమ్మా." బొమ్మ పంపిస్తాడు. వెనక మంచు, మొహంలో నవ్వు. టొరంటోలో ఉద్యోగం పోయి రెండు నెలలైన కుర్రాడు కూడా అదే బొమ్మ పంపిస్తాడు. హైదరాబాద్‌లో ఒంటరిగా ఉన్న తల్లి కూడా మోకాళ్ల నొప్పి దాచి "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా" అనే అంటుంది. ఇంట్లో గోల చేసే పిల్లాడి మీద అందరి దృష్టీ ఉంటుంది. ఏ గొడవా పెట్టని రెండోవాడు ఎందుకు తక్కువ తింటున్నాడో అడిగే నాథుడుండడు. మీ మందలో నోరులేనివాళ్లెవరో ఈరోజే ఒకసారి లెక్క చూసుకోండి. వాళ్లని "బాగున్నావా" అని అడగొద్దు, దానికి జవాబు ముందే తయారుగా ఉంటుంది. "నిన్న రాత్రి ఏం వండుకున్నావు? ఎన్నింటికి పడుకున్నావు? ఆదివారం ఎవరింటికి వెళ్లావు?" అని అడగండి. అన్నం, నిద్ర, తోడు. వెన్నెముక ఆ మూడింటిలో ఎక్కడో చేతికి తగులుతుంది.

అడిగాక మాత్రం వెంటనే సలహా ఇవ్వకండి. తడిమి చూసినావిడ ఆ అల్పాకాని అక్కడే ఒడిసిపట్టుకుని గడ్డి కుక్కదు. వదిలేస్తుంది. సాయంత్రం నుంచి దాని వాటా ఇంకో తొట్టిలో విడిగా వేస్తుంది.

సీసాపాల కొడుకు

ఫారంలో సందర్శకులు ఎక్కువగా మురిసిపోయేది పిల్లల్ని చూసి. అల్పాకా పదకొండున్నర నెలలు మోస్తుంది, ఒకే పిల్లని కంటుంది, చాలావరకు పగటిపూటే కంటుంది. పుట్టినప్పుడు ఆరేడు కిలోలు. గంటా రెండు గంటల్లో లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటుంది. ఒక్కోసారి తల్లికి పాలు పడవు, లేదా తల్లి పోతుంది. అప్పుడు ఇంటివాళ్లు సీసాతో పాలు పట్టాలి. ఇక్కడే అనుభవం ఉన్న పెంపకందారు కఠినంగా కనిపిస్తాడు. పిల్లని వంటింట్లోకి తేడు. ఒళ్లో పడుకోబెట్టుకోడు. పాలు పట్టి, మళ్లీ తీసుకెళ్లి మందలో వదిలేస్తాడు. మగపిల్ల అయితే మరీ జాగ్రత్త. సందర్శకుల పిల్లలు "ఇంకాసేపు ఎత్తుకుంటాం" అని బతిమాలినా ఒప్పుకోడు.

కారణం విన్నాక నాకు కొన్ని ఇళ్లు గుర్తొచ్చాయి. మనుషుల చేతుల్లో, ముద్దుల్లో, మందకి దూరంగా పెరిగిన మగ అల్పాకా మనిషిని తన జాతే అనుకుంటుంది. చిన్నప్పుడు అది కాళ్లకి అడ్డం పడుతుంటే, భుజాల మీదికి ఎగురుతుంటే అందరూ నవ్వుతారు. రెండు మూడేళ్లకి ఈడొస్తుంది. అప్పుడు ఇంకో మగదాంతో ఎలా పోట్లాడాలో మనిషితో అలా పోట్లాడుతుంది. ఛాతీతో గుద్దుతుంది, కాళ్లు కొరుకుతుంది, వెనక నుంచి వచ్చి పడుతుంది. లామాల్లో, అల్పాకాల్లో ఇది పశువైద్యులు పేరు పెట్టి గుర్తించిన ప్రవర్తన. ముదిరిందంటే మళ్లీ దారికి తేవడం చాలా కష్టం. ఆ జంతువు చెడ్డదేం కాదు. దానికి నేను ఎవర్ని, నువ్వు ఎవరు, మధ్యలో గీత ఎక్కడ అన్నది ఎవరూ నేర్పలేదు. మందలో పెరిగిన పిల్లకి ఆ చదువు రోజూ జరుగుతుంది. హద్దు మీరితే పెద్ద ఆడవి చెవులు వెనక్కి పెట్టి ఒక చూపు చూస్తాయి, సరిపోతుంది.

విదేశంలో ఒక్క బిడ్డని పెంచుతున్న తల్లిదండ్రులు పై పేరా ఇంకోసారి చదవండి. తాత, నాయనమ్మ, పిన్ని, పెదనాన్న, వీధి చివర దుకాణదారు కలిసి చేసిన పెంపకాన్ని అక్కడ ఇద్దరే చెయ్యాలి. దాంతో వాళ్లే నాన్న, వాళ్లే స్నేహితుడు, వాళ్లే డ్రైవరు, వాళ్లే హోంవర్క్ గుమస్తా. ప్రేమ తక్కువైందేమో అన్న భయంతో గీతలన్నీ చెరిపేస్తారు. వాడు నాలుగేళ్లప్పుడు అమ్మని కొడితే వీడియో తీస్తారు. పధ్నాలుగేళ్లప్పుడు అదే చెయ్యి లేస్తే నిద్ర పట్టదు. పాలు పట్టండి. కడుపు నిండా పట్టండి. ఆ తర్వాత మందలో వదలండి: వాడి ఈడు పిల్లల మధ్య, ఆటలో ఓడిపోయేచోట, మీరు పక్కన లేకుండా ఇంకో పెద్దమనిషి మాట వినాల్సినచోట. అక్కడ ఏడిస్తే పరుగెత్తకండి. కంచె ఇవతల నిలబడండి.

ఆఫీసులో కూడా చూశాం కదా. పై అధికారి చేరదీసి, ప్రతి సమావేశానికీ వెంటబెట్టుకు తిరిగిన కుర్రవాడు రెండేళ్లకి ఎవరి మాటా వినడు. తోటివాళ్లతో కలిసి పని చెయ్యలేడు. చేరదీసినాయన బదిలీ అయ్యాక ఆ కుర్రవాడి పరిస్థితి చెప్పనక్కర్లేదు.

చెవులు వెనక్కి పెట్టడం నేర్చుకోండి

సందర్శకులు తప్పకుండా అడిగే ప్రశ్న: "ఉమ్ముతాయా?" ఉమ్ముతాయి. కాకపోతే ఎక్కువగా ఒకదాని మీద ఒకటి, అదీ మేత దగ్గర. మధ్యలో నిలబడ్డవాడి చొక్కా ఆకుపచ్చగా అయితే అది వాడి గ్రహచారం. నెమరు కడుపులోంచి వచ్చే ఆ పసరు వాసన ఒక ఉతుకుకి వదలదు.

గమనించాల్సింది ఉమ్మడానికి ముందు జరిగేది. మొదట చెవులు వెనక్కి వాలతాయి. తర్వాత గడ్డం పైకెత్తుతుంది. అప్పటికీ అవతలిది తగ్గకపోతే ఉత్త గాలి ఊదుతుంది. ఆ తర్వాతే అసలుది. ఇన్ని మెట్లున్నాయి కాబట్టే చాలా గొడవలు చెవుల దగ్గరే తీరిపోతాయి. కడుపుతో ఉన్న ఆడదాని దగ్గరికి మగదాన్ని తెస్తే అది నిలబడి మొహమ్మీదే ఉమ్మి పంపించేస్తుంది. పెంపకందార్లు దాన్నే గర్భ పరీక్షగా వాడుకుంటారు. మొహమాటం లేదు, సంజాయిషీ లేదు, సాయంత్రానికి పగ కూడా ఉండదు.

మన తెలుగువాళ్ల జబ్బు మొహమాటం. చుట్టాలబ్బాయికి వారం అంటే సరే అన్నాం, మూడు నెలలైంది. అప్పు అడిగితే లేదనలేక ఇచ్చాం. శనివారం ఖాళీయేనా అంటే ఖాళీయే అన్నాం. చెవులు ఎప్పుడూ నిటారుగానే పెట్టుకుని నవ్వుతూ తిరిగాం. ఒకరోజు ఏదో చిన్న మాటకి పదేళ్ల పసరంతా ఒక్కసారి కక్కేస్తాం. అవతలివాడు బిత్తరపోతాడు, వాడికి ముందు మెట్లేవీ మనం చూపించలేదు మరి. అది కోపం సమస్య కాదు, కోపం ఆలస్యమైన సమస్య. మొదటి చిరాకులోనే ఒక చిన్న మాట అనేయండి: "ఈ వారం కుదరదు." "రెండ్రోజులైతే ఉండు, మూడోరోజు మాకు పనుంది." గొంతు పెంచకుండా, కారణాల చిట్టా చదవకుండా. కారణం ఎంత పొడుగ్గా చెబితే అవతలివాడికి బేరం ఆడే సందు అంత దొరుకుతుంది.

ఇంకో చిన్నమాట. రెండు అల్పాకాలు మెడలు చాచి వాదించుకుంటుంటే ఫారం పిల్లలు మధ్యలోకి వెళ్లరు. బావామరదుల తగువులో తీర్పు చెప్పబోయే పెద్దమనుషులు ఆ పిల్లల దగ్గర శిష్యరికం చెయ్యొచ్చు.

మోజుకీ మీకూ మధ్య

ఫొటోలు చూసి, వెళ్లి చూసి, "మనమూ ఒక పదెకరాలు కొని పెడదామా" అనుకునేవాళ్లు తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఎవరి కలనీ చెరపను. ఆ కల వెనక ఒక చరిత్ర ఉంది, అది మాత్రం చెబుతాను.

అమెరికాలోకి అల్పాకాలు వ్యాపారంగా దిగింది 1984లో. కొన్నాళ్లకి పెంపకందార్ల సంఘం ఒక నిర్ణయం తీసుకుంది: 1998 తర్వాత బయటి దేశాల నుంచి తెచ్చినవాటిని జాతి రిజిస్టరులో ఎక్కించం అని. సరుకు తగ్గింది, ధర ఎగిరింది. ఒక్కో ఆడ అల్పాకా పదివేల డాలర్లు, అంతకు మించి కూడా పలికింది. పేరుమోసిన మగవాటికి లక్షలు పెట్టారు. ఈ వేడి సరిహద్దు దాటి కెనడాకీ తగిలింది. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకి చెందిన టీనా సైటోన్, రిచర్డ్ సెక్స్‌టన్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు వేసి, ఆ ధరలకీ ఉన్ని మీద వచ్చే రాబడికీ పొంతనే లేదని రాశారు. ఏడాదికోసారి రెండు మూడు కిలోల ఉన్నిచ్చే జంతువు ఆ ధర ఎప్పటికి తీరుస్తుంది? లాభం వచ్చిందల్లా పిల్లల్ని ఇంకో కొత్త పెంపకందారుకి అమ్మడం వల్లే. 2008 మాంద్యం తర్వాత కొత్తవాళ్లు రావడం ఆగింది, ధర కూలింది.

ఇది మనకి కొత్త కథ కాదు. ఈము పక్షులు గుర్తున్నాయా? నూనెకి గిరాకీ, తోలుకి గిరాకీ, గుడ్డు వెయ్యి రూపాయలు అని ఆంధ్రలో పల్లెపల్లెనా జాలీ కంచెలు లేచాయి. పెట్టుబడి తిరిగి వచ్చిందల్లా పిల్లల్ని పక్క ఊరివాడికి అమ్మినప్పుడే. 2012లో తమిళనాడు పెరుందురైలో ఈము కంపెనీ మోసం బయటపడేసరికి ఈము అంటేనే జనం దూరం జరిగారు. మేత వెయ్యలేక పక్షుల్ని వదిలేసిన రైతులున్నారు.

ఏ మోజులోకైనా దిగేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా తర్వాత చేరేవాడు లేకపోతే నా సరుకు కొనేదెవరు? కోర్సయినా, కాయినయినా, గొలుసుకట్టు వ్యాపారమైనా జవాబు దొరక్కపోతే గేటు బయటే ఆగండి.

కూలాక కూడా నిలిచిన కెనడా ఫారాలు ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కున్నవే. చాలా ఇళ్లలో ఒకరికి బయట ఉద్యోగం ఉంటుంది, నెల జీతం అక్కడి నుంచి వస్తుంది. ఉన్నిని దారంగా, సాక్సులుగా, టోపీలుగా మార్చి కొట్టం పక్క గదిలో అమ్ముతారు. అల్పాకాలతో నడకకి టిక్కెట్టు పెడతారు. చివరికి పెంటికల్ని కూడా సంచుల్లో నింపి తోటల వాళ్లకి ఎరువుగా అమ్ముతారు. వాటిని మాగబెట్టకుండానే మొక్కలకి వెయ్యొచ్చు మరి. చిన్న ఫారాల ఉన్ని వడకడానికి చిన్న మిల్లులూ ఉన్నాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోని బెల్‌ఫాస్ట్ మినీ మిల్స్ అలాంటి చిన్న యంత్రాలు తయారు చేసి దేశదేశాలకీ పంపింది. కాల్గరీకి ఉత్తరాన కార్‌స్టెయిర్స్ దగ్గర కస్టమ్ ఉలెన్ మిల్స్‌లో వందేళ్లు దాటిన యంత్రాలు ఇంకా తిరుగుతూ ఉన్ని ఏకుతున్నాయి.

మోజుని కాక సరుకుని చూసి దిగినవాడి పాత కథ ఒకటుంది. 1836 ప్రాంతంలో టైటస్ సాల్ట్ అనే ఇంగ్లీషు మిల్లుదారు లివర్‌పూల్ గోదాములో ఎవరికీ అక్కర్లేని అల్పాకా ఉన్ని బేళ్లు చూశాడు. ఎవరి మోజో చూసి కాదు, ఆ పొడుగు పోగుని నూలు పడుగులో కలిపి నేయగలనా అని తన మిల్లులో తంటాలు పడి చూసుకున్నాకే కొన్నాడు. 1853లో తెరిచిన ఆయన మిల్లు చుట్టూ వెలిసిన ఊరు సాల్టేర్ ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. మన ప్లీడర్లు ఒకప్పుడు తొడిగిన నల్ల అల్పాకా కోట్లు ఆ నేత పుణ్యమే.

కత్తిరింపు రోజు

వీలుంటే మే, జూన్ నెలల్లో ఉన్ని కత్తిరించే రోజు వెళ్లండి. కొన్ని ఫారాలు ఆరోజు చూడనిస్తాయి. మన కురుమల గొర్రెల కత్తిరింపు చూసినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. అల్పాకాని చాప మీద పక్కకి పడుకోబెట్టి, ముందు కాళ్లకి ఒక తాడు, వెనక కాళ్లకి ఒక తాడు వేసి సాగదీస్తారు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ కదిలితే కత్తికి చర్మం తెగుతుంది, అందుకే. ఒకరు తల పట్టుకుంటారు. ఉమ్మేవాటి మూతికి పాత సాక్సు తొడుగుతారు. కత్తిరించేవాడు పొట్ట పక్క నుంచి మొదలుపెట్టి వెన్ను దాటించి దుప్పటిలా ఒక్క ముక్కగా ఉన్ని ఒలిచేస్తాడు. అదే మేలురకం. మెడది వేరే సంచి, కాళ్లది వేరే సంచి, ప్రతి సంచి మీదా ఆ జంతువు పేరు. ఇంకొకరు అదే సమయంలో గోళ్లు కత్తిరిస్తారు, ఇంకొకరు పళ్లు చూస్తారు. పది నిమిషాల్లోపే పని పూర్తి. లేచి నిలబడ్డది సగానికి సగం అయిపోయి ఉంటుంది. మందలోకి వెళ్తే తోటివి గుర్తుపట్టక మళ్లీ వాసన చూసుకుని, కాసేపు కీచులాడుకుని సర్దుకుంటాయి.

ఆరోజు ఆ ఇంట్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. పదేళ్ల పిల్ల దగ్గర్నుంచి అందరికీ ఒక్కొక్కరికి ఒక్కటే పని. సంచి పట్టేది సంచే పడుతుంది. తల పట్టేవాడు తల వదలడు. ఏ పనీ లేనివాడు గీత బయట ఉంటాడు, సలహాలివ్వడు. మన ఇళ్లలో పెళ్లి పనులు ఎక్కడ చెడతాయో ఆలోచించండి: అందరికీ అన్ని పనులూ, ఎవరికీ ఏ పనీ లేదు. సాయం చేద్దామని ముచ్చటపడేవాళ్లు "నేనేం చెయ్యను?" అని అడిగి, ఇచ్చిన ఒక్క పనీ పట్టుకుని, పక్కవాడి పనిలో వేలు పెట్టకుండా ఉంటే అదే పెద్ద సాయం.

జనాన్ని ఇంటికి రానిచ్చే కుటుంబానికి ఇలాంటి గీతలు ఇంకా ఉంటాయి. ముందు ఫోన్ చేసి రావాలి. కుక్కల్ని తేకూడదు, మందకి భయం. ఇంటి నుంచి తెచ్చిన రొట్టె, బిస్కట్టు పెట్టకూడదు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. నడకకి తిప్పిన అల్పాకాకి తర్వాత సెలవు. వారంలో కొన్ని రోజులు గేటు మీద 'మూసి ఉంది' బోర్డు వేలాడుతుంది, ఆ రోజుల్లో డబ్బు పోయినా సరే. కొత్తగా ఫారం తెరిచినవాళ్లు మొదట్లో ఆ బోర్డు పెట్టడానికి సిగ్గుపడతారు. పొద్దున్నే టిఫిన్ తింటుంటే కిటికీలోంచి సందర్శకులు తొంగిచూసిన తర్వాత సిగ్గు పోతుంది. బోర్డు ఉంది కాబట్టే శనివారం వచ్చినవాళ్లకి, ఆ సీజన్లో వందోసారి అడిగిన "ఉమ్ముతాయా?" కి కూడా, మొదటిసారి విన్నట్టు నవ్వి జవాబు చెప్పగలుగుతారు. టీచర్లు, నర్సులు, కౌంటర్లో కూర్చునేవాళ్లు, చుట్టాల రాకతో నిత్యం కళకళలాడే ఇళ్ల గృహిణులు, మీకూ ఒక బోర్డు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆదివారం రెండు గంటలతోనైనా మొదలుపెట్టండి.

వెళ్లేవాళ్లకి చివరగా ఒక కిటుకు. అల్పాకాలన్నీ ఒకటి రెండు చోట్లే పెంటికలు వేస్తాయి, రోజూ వాటిని ఎత్తాలి. ఫొటోలయ్యాక ఇంటివాళ్లని "కాసేపు ఆ పని చెయ్యనిస్తారా?" అని అడగండి. ఒప్పుకున్న చోట సంతోషంగా పార చేతికిస్తారు. తల వంచుకుని, మందవైపు చూడకుండా మీ పని మీరు చేసుకుంటుంటే, కుతూహలం ఆగక ఏదో ఒకటి వచ్చి మీ భుజం మీదుగా తొంగిచూస్తుంది. బూట్లు మాత్రం పాతవి వేసుకెళ్లండి.